పది వేళ్ళకు పంచిన వర్ణమాల

స్త్రీ అనే మాటను ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద టైపు చేసేటప్పుడు తెరను కాదు, చేతులను గమనించండి. కుడిచెయ్యి స నొక్కుతుంది, ఎడమచెయ్యి పొల్లు పెడుతుంది. కుడిచెయ్యి త, ఎడమచెయ్యి మళ్ళీ పొల్లు. కుడిచెయ్యి ర, ఎడమచెయ్యి గుడిదీర్ఘం. మొత్తం ఆరు నొక్కులు. ఒకే చెయ్యి వరసగా రెండుసార్లు కదలాల్సిన పని ఒక్కచోట కూడా లేదు. తెర మీద స కింద తవత్తు, దానికి క్రారవడి, పైన గుడిదీర్ఘం ఎక్కడివక్కడ అమరిపోతాయి. వాటిని ఎక్కడ పెట్టాలన్న చింత టైపు చేసే మనిషికి లేదు. నోరు పలికే వరసలోనే వేళ్ళు నడిచాయి, అంతే. తెలుగు అన్న మాటా ఇంతే: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ.

ఇది కాకతాళీయంగా కుదిరింది కాదు. మన లిపుల స్వభావం ఎరిగినవాళ్ళు కూర్చుని ఆలోచించి చేసిన పని. మనలో ఎక్కువమంది కంప్యూటర్లో తెలుగు రాయడానికి ఇంగ్లీషు అక్షరాల మీద ఆధారపడతాం. ఆర్‌టీఎస్ పద్ధతి, దాని మీద నడిచే లేఖిని వంటి ఉపకరణాలు ఎంతోమంది చేత ఇంటర్నెట్‌లో తెలుగు రాయించాయి, ఆ మేలు చిన్నది కాదు. డీటీపీ చేసేవాళ్ళు ఆపిల్, మాడ్యులర్ అమరికలకు అలవాటుపడ్డారు. ఇన్‌స్క్రిప్ట్ మాత్రం ప్రతి కంప్యూటర్లోనూ ఉచితంగా, సిద్ధంగా ఉండి కూడా తక్కువమంది చేతుల్లో ఉంది. దాని లోపలి నిర్మాణాన్ని ఒక్కసారి విప్పి చూస్తే అంత మంచి పనితనం మన పక్కనే ఉందా అనిపిస్తుంది. విప్పి చూశాక మనకు తగ్గట్టు దాన్ని ఎక్కడ సవరించుకోవచ్చో, ఎక్కడ ముట్టుకోకూడదో కూడా తెలుస్తుంది.

భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఈ అమరికను ప్రమాణంగా నిర్ణయించింది. ఆ శాఖ పొట్టిపేరు మీదుగానే పాత టైపిస్టులు దీన్ని డీఓఈ కీబోర్డు అంటారు. భారతీయ లిపులను కంప్యూటర్‌లోకి తెచ్చే పని ఐఐటీ కాన్పూరులో మొదలై, తర్వాత పుణెలోని సీ-డాక్‌లో పెరిగింది. ఆ కృషిలో కీబోర్డు ఒక భాగం, అక్షరాలకు సంఖ్యలు కేటాయించే ఇస్కీ ప్రమాణం ఇంకో భాగం. ఇస్కీని 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 13194గా ప్రకటించింది. అదే ఏడాది వచ్చిన మొదటి యూనికోడ్, భారతీయ లిపుల విషయంలో ఇస్కీ వేసిన బాటనే పట్టింది. అందుకే ఇప్పటి యూనికోడ్ తెలుగుకూ, అప్పటి ఆ కీబోర్డుకూ పొత్తు ఇంత చక్కగా కుదురుతుంది.

ముందు కుడిచేతి సంగతి. వేళ్ళు విశ్రాంతిగా ఆనే నడిమి వరసను హోమ్ రో అంటారు. ఎఫ్, జే కీల మీద వేలికి తగిలే చిన్న ఉబ్బు ఉంటుంది. చూడకుండా టైపు చేసేవాళ్ళు చూపుడువేళ్ళను అక్కడ ఆనిస్తారు. ఇన్‌స్క్రిప్ట్‌లో ఎఫ్ దగ్గర గుడి, జే దగ్గర ర. ఇప్పుడు హెచ్ నుంచి మొదలుపెట్టి కుడికి నడవండి: ప, ర, క, త, చ, ట. ర తీసేస్తే మిగిలిన ఐదూ పరుషాలు. ఒక్కో వేలినీ పైవరసకు జరపండి. ప పైన బ, క పైన గ, త పైన ద, చ పైన జ, ట పైన డ. ఐదూ సరళాలు. షిఫ్ట్ పట్టుకుని ఇవే కీలు నొక్కితే వర్గయుక్కులు వస్తాయి: క వెనక ఖ, గ వెనక ఘ, త వెనక థ, ద వెనక ధ. అంటే కవర్గంలోని మొదటి నాలుగు అక్షరాలకూ కలిపి రెండే కీలు. రెండూ ఒకే వేలి కిందవి. ఆ వేలు ఎక్కిదిగితే పరుషం సరళమవుతుంది, షిఫ్ట్ తోడైతే అల్పప్రాణం మహాప్రాణమవుతుంది. వర్ణమాల పట్టికలో అడ్డంగా చదివే వర్గం ఇక్కడ వేలి కింద నిలువుగా నిలబడింది.

తెలుగు వ్యాకరణం చదువుకున్నవాళ్ళకు ఇక్కడ ఇంకో సంతోషం ఉంది. సరళాదేశ సంధిలో పరుషం పోయి దాని సరళం వస్తుంది. వచ్చెను, కదా కలిసి వచ్చెను గదా అవుతుంది. కీబోర్డు మీద ఆ సంధి జరగడమంటే కుడి మధ్యవేలు హోమ్ రో నుంచి ఒక్క మెట్టు పైకి వెళ్ళడమే. క చ ట త ప లలో దేన్ని తీసుకున్నా ఇదే కదలిక. అమరిక చేసినవాళ్ళు తెలుగు సంధిని దృష్టిలో పెట్టుకున్నారని నేను చెప్పడం లేదు. వాళ్ళు వర్ణమాలలోని క్రమాన్ని నమ్మారు. ఆ క్రమం ఉచ్చారణ స్థానాల మీద కట్టింది కాబట్టి, ఉచ్చారణ వల్ల పుట్టే సంధి కూడా వేళ్ళకు తెలిసొస్తుంది.

మిగతా హల్లులను కూడా చుట్టరికం చూసే కూర్చోబెట్టారు. ల వెనక షిఫ్ట్‌లో ళ, ర వెనక ఱ, స వెనక శ. శ పక్కనే, కామా కీ మీద షిఫ్ట్‌తో ష. సున్న వెనక అరసున్న. పద్యం రాసేవాళ్ళకు అరసున్న, పాత మాటలు రాసేవాళ్ళకు బండి ఱ ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. వాడుక తగ్గిందని వాటిని మూలకు నెట్టకుండా, సాటి అక్షరం వెనకే చోటిచ్చారు. అనునాసికాల దగ్గర మాత్రం పద్ధతి కాస్త సడలింది. ఙ గకారం పక్క కీలో షిఫ్ట్ కింద, ఞ డకారానికి అవతల, ణ మకారం వెనక ఉంటాయి. న, మ రెండూ కిందివరసలో ఉంటాయి. వర్గాలకు రెండేసి కీలు కేటాయించాక మిగిలిన జాగాలో సర్దిన అక్షరాలివి. కళ్ళకు పొందిక తెలియదు, నేర్చుకుని గుర్తుపెట్టుకోవాల్సిందే.

ఇక ఎడమచెయ్యి. ఇది అచ్చుల సీమ. ఇక్కడి సూత్రం ఒకే వాక్యంలో చెప్పొచ్చు: షిఫ్ట్ లేకుండా నొక్కితే గుణింతపు గుర్తు, షిఫ్ట్‌తో నొక్కితే పూర్తి అచ్చు. ఎఫ్ మీద గుడి, షిఫ్ట్‌తో ఇ. దాని పైకీ మీద గుడిదీర్ఘం, షిఫ్ట్‌తో ఈ. జీ మీద కొమ్ము, ఉ. దాని పైన కొమ్ముదీర్ఘం, ఊ. హ్రస్వం హోమ్ రోలో, దీర్ఘం సరిగ్గా దాని పైన. ఏ పైన ఐ, ఓ పైన ఔ. సంస్కృత వ్యాకరణం ఏ, ఐ లను ఒక జంటగా, ఓ, ఔ లను ఒక జంటగా చూస్తుంది. ఆ జంటలే ఇక్కడా వేలికొకటి చొప్పున ఉన్నాయి. మాటల్లో గుణింతపు గుర్తులు వచ్చినంత తరచుగా పూర్తి అచ్చులు రావు. మాట మొదట్లో తప్ప తెలుగులో అచ్చు విడిగా కనిపించేది తక్కువ. అందుకే షిఫ్ట్ శ్రమను అచ్చుల మీద వేసి గుర్తులను తేలిక చేశారు.

ఈ సూత్రం అ దగ్గరికి వచ్చేసరికి ఒక చిక్కు ఎదురవుతుంది. ఆ కి దీర్ఘం ఉంది, ఇ కి గుడి ఉంది, మరి అ కి? క అని నొక్కగానే అందులో అకారం కలిసే వస్తుంది, వేరే గుర్తు నొక్కాల్సింది లేదు. డీ కీ మీద షిఫ్ట్‌తో అ పెడితే, షిఫ్ట్ లేని చోటు ఖాళీగా మిగలాలి. అక్కడ వాళ్ళు పొల్లు పెట్టారు. ఈ ఒక్క నిర్ణయంలోనే ఈ అమరిక తెలివంతా ఉందని నా అభిప్రాయం. పొల్లు అంటే ఏమిటి? హల్లులో కలిసి ఉన్న అకారాన్ని తీసేసే గుర్తు. అంటే ఒకే కీ మీద ఒక స్థాయిలో అకారం ఉంది, ఇంకో స్థాయిలో అకారం లేకపోవడం ఉంది. పైగా ఆ కీ ఎడమ మధ్యవేలి కింద, హోమ్ రోలో ఉంది. ద్విత్వాలూ సంయుక్తాలూ లేకుండా తెలుగులో నాలుగు మాటలు సాగవు. అమ్మ, అక్క, చెట్టు, వచ్చింది, ఎప్పుడు, ఎన్నో మాటల నడుమ ఆ వేలు కదులుతూనే ఉంటుంది. తర్కం కోరిన చోటూ, వాడుక కోరిన చోటూ ఒకటే అయింది. పొల్లు పైన, అదే వేలి కింద, దీర్ఘం ఉంటుంది. దాని షిఫ్ట్‌లో ఆ. హ్రస్వం కింద, దీర్ఘం పైన అన్న క్రమం ఇక్కడా చెడలేదు.

ఈ పద్ధతిలో ఇంకో గుణం పైకి కనిపించదు. ఇది దేన్నీ గుర్తుపెట్టుకోదు. ఒక కీ, ఒక స్థాయి, ఒక అక్షరం. అంతకుముందు ఏం నొక్కారన్నది దానికి అక్కర్లేదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతిలో అలా కుదరదు. అక్కడ కే నొక్కితే క్ వస్తుంది, తర్వాత ఏ నొక్కితే పొల్లు చెరిపి క చెయ్యాలి, ఇంకో ఏ నొక్కితే కా చెయ్యాలి. ముందు వచ్చినదాన్ని ప్రోగ్రాము ప్రతిసారీ గుర్తుంచుకుని దిద్దుతుండాలి. కలకల అన్న మాటకు అక్కడ ఎనిమిది నొక్కులు, ఇక్కడ నాలుగు. దిద్దుబాటు కూడా ఇక్కడ తేలిక. స్త్రీ రాశాక ఒక్కసారి బ్యాక్‌స్పేస్ నొక్కితే చాలా ప్రోగ్రాముల్లో గుడిదీర్ఘం మాత్రమే పోయి స్త్ర మిగులుతుంది. చివరి నొక్కు ఏదో అదే చెరుగుతుంది. ఎన్ని నొక్కులు వెనక్కి వెళ్ళాలో వేళ్ళకే తెలుసు.

మరి ఒత్తులను కూర్చేదెవరు? కీబోర్డు అమరిక కాదు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అన్న ఆరు సంకేతాలను వరసగా అందించడంతో దాని పని అయిపోతుంది. వాటిని చదివి, పొల్లు తర్వాతి హల్లును ఒత్తుగా మార్చి, గుడిదీర్ఘాన్ని సకారం మీదకు చేర్చి ఒక్క రూపంగా తీర్చేది హార్ఫ్‌బజ్ వంటి లిపి కూర్పు ప్రోగ్రాము. ఏ ఒత్తు ఎలా ఉండాలో చెప్పేది ఫాంటు. ఎవరి పని వాళ్ళది. ఈ విభజన వల్లే పొల్లు అనే ఒక్క కీతో తెలుగులోని సంయుక్తాక్షరాలన్నీ రాయగలుగుతున్నాం. పాత టైపు మిషన్ల మీద ఒత్తులకు విడిగా కీలు కావాల్సి వచ్చేవి, ఆ అవసరం ఇక్కడ లేకుండా పోయింది.

స్త్రీ అన్న ఆ ఆరు నొక్కులనే హిందీ ఇన్‌స్క్రిప్ట్‌లో నొక్కితే దేవనాగరిలో అదే మాట వస్తుంది. కన్నడంలో నొక్కితే కన్నడ లిపిలో వస్తుంది. క ఎప్పుడూ కే కీ మీదే, ర ఎప్పుడూ జే కీ మీదే. దీనికి జోడుగా యూనికోడ్‌లోనూ అదే పొందిక ఉంది. ఒక్కో భారతీయ లిపికి నూట ఇరవై ఎనిమిది గళ్ళు కేటాయించి, సున్నా నుంచి లెక్కపెడితే ఇరవై ఒకటో గడిలో క పెట్టారు. తెలుగుకైనా, కన్నడకైనా, హిందీకైనా, తమిళానికైనా ఆ గడి కకారానిదే. బెంగళూరులోనో నాగపూర్‌లోనో పెరిగి, అక్కడి భాషలో టైపింగ్ నేర్చుకున్న తెలుగువాళ్ళు మళ్ళీ మొదటినుంచీ వేళ్ళకు నేర్పాల్సిన పని ఉండదు. భాష మార్చుకుంటే చాలు.

ఇంగ్లీషులోనూ ఇలాంటి ఆలోచన చేసినవాళ్ళు ఉన్నారు. అమెరికాలో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఆగస్ట్ డ్వొరాక్, తన బంధువు విలియం డీలీతో కలిసి కొత్త అమరిక ఒకటి చేసి 1936లో పేటెంటు పొందాడు. అచ్చులన్నీ ఎడమచేతి హోమ్ రోలో, తరచుగా వచ్చే హల్లులు కుడిచేతి కింద. చేతులు ఒకదాని తర్వాత ఒకటి కదలాలన్నదే అతని పట్టుదల. కానీ అప్పటికి అరవై ఏళ్ళుగా క్వర్టీ పాతుకుపోయి ఉంది, డ్వొరాక్ అమరిక అభిమానుల దగ్గరే ఆగిపోయింది. ఇన్‌స్క్రిప్ట్‌కు ఆ చిక్కు లేదు. అది వచ్చేనాటికి కంప్యూటర్ మీద భారతీయ భాషలకు అంతగా పాతుకుపోయిన అమరిక ఇంకా లేదు. పైగా అక్షరాల లెక్కలు తీసి కనిపెట్టాల్సిన క్రమం మన వర్ణమాలలో ముందే ఉంది.

ఇంత మెచ్చుకున్నాక, తెలుగు చేతికి ఇది ఎక్కడ ఒరుసుకుంటుందో కూడా చెప్పాలి. అన్ని లిపులకూ ఒకే అమరిక అన్నప్పుడు, ఆ అమరిక మొదటి కొలత హిందీకి తీసినదని అక్కడక్కడా తెలిసిపోతుంది. హిందీకి హ్రస్వమైన ఎ, ఒ లేవు. మనకు అవి లేకుండా పూట గడవదు: తెలుగు, చెట్టు, నెల, కొత్త, కొండ, పొలం, తొలి, గొంతు. అలాంటి ఎత్వాన్ని కిందివరస చివర జెడ్ కీకి, ఒత్వాన్ని ఏకంగా అంకెల వరసలో ఒకటికి ఎడమనున్న మూలకీకి పంపారు. చిటికెనవేలు రెండు వరసలు ఎగబాకితే గానీ కొత్త అని రాయలేం. తెలుగులో అరుదుగా వచ్చే ఔత్వం మాత్రం క్యూ కీ మీద దర్జాగా కూర్చుంది.

కుడివైపు యూ కీ చూపుడువేలికి అందుబాటులో ఉన్న మంచి చోటు. అక్కడ హ ఉంది. హిందీకి అది తగినదే, ఆ భాషలో దాదాపు ప్రతి వాక్యం చివరా హకారం వస్తుంది. అచ్చ తెలుగు మాటల్లో హ అరుదు. మనకు కావాల్సింది డ. వాడు, చూడు, వచ్చాడు, ఎక్కడ, ఇప్పుడు. ఆ డ చిటికెనవేలు చాచి అందుకోవాల్సిన బ్రాకెట్ కీ మీద ఉంది. చ, జ, ట, డ, య, షిఫ్ట్‌లో ఞ, ఇవన్నీ కుడి చిటికెనవేలి బాధ్యతే. చేతిలో అన్నిటికంటే బలహీనమైన వేలికి తెలుగు మోపిన బరువు ఇది.

మూడోది గమనిస్తే ముచ్చటగా ఉంటుంది. మ, న, వ మూడూ హల్లులే అయినా కిందివరసలో ఎడమచేతి వైపుకు వచ్చాయి. ఫలితంగా నేను, నువ్వు, మేము, మనం అన్న మాటలు నాలుగూ మొత్తంగా ఎడమచేతి మీదే నడుస్తాయి. నా, నీ, మా, మన కూడా అంతే. కుడిచెయ్యి ఖాళీగా ఎదురుచూస్తుంటుంది. ఇలాంటి మాటల దగ్గర మొదట చెప్పిన ఎడమ, కుడి నడక ఆగిపోతుంది.

సవరించడం సాధ్యమేనా? సాధ్యమే, అదీ చాలా పద్ధతిగా. కీబోర్డు కంప్యూటర్‌కు అక్షరాన్ని పంపదు. ఫలానా చోటనున్న కీ నొక్కారు అన్న కబురు మాత్రమే పంపుతుంది. ఆ చోటుకు ఏ అక్షరం అన్నది కంప్యూటర్లోని ఒక పట్టిక తేలుస్తుంది. లినక్స్‌లో ఈ పట్టికలను ఎక్స్‌కేబీ చూసుకుంటుంది. అందులో కీలకు పేర్లు పెట్టిన తీరు చూడండి. క్యూ కీని క్యూ అనరు, ఏడీ01 అంటారు. మొదటి ఏ అక్షరాల ప్రాంతాన్ని సూచిస్తుంది. రెండో అక్షరం వరస: స్పేస్ బార్ వరస ఏ, దాని పైది బీ, హోమ్ రో సీ, దాని పైది డీ, అంకెల వరస ఈ. చివరి సంఖ్య ఎడమనుంచి ఎన్నో కీ అన్నది. కాబట్టి గుడి ఉన్న కీ పేరు ఏసీ04. ఏ భాషకూ మొగ్గు చూపని పేర్లు ఇవి. కీ పేరు, దాని పక్కన బ్రాకెట్లలో మొదటి స్థాయి అక్షరపు సంకేతం, కామా, షిఫ్ట్ స్థాయి అక్షరపు సంకేతం. ఒక కీకి ఒక పంక్తి. ఒత్వానికి సంకేతం 0సీ4ఏ. ఎవరైనా చదివి అర్థం చేసుకోగలిగినంత సరళమైన ఫైలు.

ఉన్న పట్టికను చెరపాల్సిన పని కూడా లేదు. మీ సొంత ఫైలులో మొదటి పంక్తిగా, ఇప్పటికే ఉన్న తెలుగు అమరికను యథాతథంగా తీసుకో అని రాసి, కింద మీరు మార్చదలచిన కీలను మాత్రమే రాస్తే చాలు. నాలుగు మార్పులకు నాలుగు పంక్తులు. ఆ ఫైలును సిస్టమ్ ఫోల్డర్‌లో కాకుండా మీ హోమ్ ఫోల్డర్లోని కాన్ఫిగ్‌లో, ఎక్స్‌కేబీ కింద పెట్టుకుంటే సిస్టమ్ అప్‌డేట్ అయినా మీ మార్పులు చెక్కుచెదరవు. వేలాండ్ మీద నడిచే కొత్త డెస్క్‌టాప్‌లు అక్కడ వెతికి చదువుకుంటాయి. విండోస్ వాడేవాళ్ళకు మైక్రోసాఫ్ట్ కీబోర్డ్ లేఅవుట్ క్రియేటర్ ఉంది. ఉన్న తెలుగు అమరికను తెరిచి, బొమ్మలో కీ మీద నొక్కి అక్షరం మార్చి, ఇన్‌స్టాలర్ తయారుచేసుకోవచ్చు. మ్యాక్‌లో ఆ పనిని ఎస్ఐఎల్ సంస్థవారి యుకెలెలె చేస్తుంది.

సవరణల్లో నాకు అన్నిటికంటే విలువైనవి మూడో స్థాయివి. స్పేస్ బార్‌కు కుడివైపున్న ఆల్ట్‌ను ఆల్ట్‌జీఆర్‌గా వాడుకుంటే ప్రతి కీకీ ఇంకో అంతస్తు వేసుకున్నట్టే. కింది రెండు అంతస్తులూ ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి, వేళ్ళ అలవాటు చెడదు. సీ-డాక్ తర్వాత రూపొందించిన ఎన్‌హాన్స్‌డ్ ఇన్‌స్క్రిప్ట్ కూడా యూనికోడ్‌లో కొత్తగా చేరిన అక్షరాలకు ఈ మూడో అంతస్తునే వాడుకుంది. కాకపోతే ఏ అక్షరాన్ని ఏ కీ మీద పెట్టాలన్నది ఇష్టం వచ్చినట్టు తేల్చకూడదు. కింది అంతస్తుల్లో ఉన్న చుట్టరికాన్ని పైకి కొనసాగించాలి. చల్లలో పలికే దంత్య చకారానికి ౘ అన్న అక్షరం 2008లో యూనికోడ్‌లో చేరింది, జకారానికి ౙ కూడా. వాటి చోటు చ, జ కీల మూడో అంతస్తు తప్ప ఇంకోటి కాదు. లోపించిన అకారానికి గుర్తుగా రాసే అవగ్రహం ఽ ఎక్కడుండాలి? అకారమూ, దాని లోపమూ ఇప్పటికే కాపురముంటున్న డీ కీ మీదే. తెలుగు అంకెలు ౧, ౨, ౩ మామూలు అంకెల కీల మీద. ట వచ్చి కూర్చున్న కీ ఇంగ్లీషులో కొటేషన్ గుర్తులది, య కూర్చున్నది ప్రశ్నార్థకానిది. ఆల్ట్‌జీఆర్‌తో వాటిని పాత ఇంటికే పిలవొచ్చు. ఇంగ్లీషు టైపు తెలిసిన వేళ్ళు వాటిని వెతుక్కోనక్కర్లేదు.

తెలుగువాళ్ళు తప్పక చేసుకోవాల్సిన మార్పు ఇంకోటి ఉంది. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో ట్ తర్వాత వే విడిగా నిలబడాలంటే రెంటి మధ్యా కంటికి కనపడని ఒక అక్షరం ఉండాలి. దాన్ని జడ్‌డబ్ల్యూఎన్‌జే అంటారు. అది లేకపోతే వకారం టకారం కింద ఒత్తుగా దూరి సాఫ్ట్వేర్ అవుతుంది. ఫేస్‌బుక్, రాజ్‌కుమార్, హైదరాబాద్‌లో, ఇవాళ్టి తెలుగులో దీని అవసరం పేరాకు ఒకసారైనా పడుతుంది. విండోస్‌లో దాన్ని రాయడానికి కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకుని అంకెల వరసకు చెయ్యి చాచాలి. అంత ప్రయాస పడలేకే చాలామంది తప్పుగా వదిలేస్తారు. డ పక్కన, ముగింపు బ్రాకెట్ కీ ఉంది కదా, హిందీలో అది నుక్తాకు, అంటే అక్షరం కింద పెట్టే చుక్కకు కేటాయించిన చోటు. మామూలు తెలుగు రాతలో నుక్తాకు పనిలేదు. ఆ మొదటి అంతస్తులో జడ్‌డబ్ల్యూఎన్‌జే పెట్టండి. దానికి ముందు నొక్కే పొల్లు ఎడమచేతిది, ఇది కుడిచేతిది. చేతుల నడక తప్పదు.

అంకెల వరసలో షిఫ్ట్‌తో మూడు నుంచి ఎనిమిది దాకా క్రారవడి, ర్, జ్ఞ, త్ర, క్ష, శ్ర అని కూర్చిన అక్షరాలున్నాయి. జ్ఞ ఉండాలి, ఎందుకంటే ఞ కోసం దూరం వెళ్ళాలి. క్ష కూడా ఉంటే మంచిదే. మిగతా వాటికి పొల్లు, హల్లు నొక్కడమే షిఫ్ట్ పట్టి పైకి చాచడం కంటే సుఖం. ఆ చోట్లు విడిపిస్తే నాలుగు మీద రూపాయి గుర్తు ₹ పెట్టుకోవచ్చు. అది ఇంగ్లీషు కీబోర్డులో డాలరు చోటు.

ఉన్న అక్షరాలను కదపడం గురించి నా తీర్పు గట్టిగానే ఉంటుంది. ఒత్వం, ఔత్వం చోట్లు మార్చుకోవడం సబబు. ఓత్వం ఇంగ్లీషు ఏ అక్షరపు కీ మీద ఉంది. దాని పైన క్యూ మీదకు ఒత్వం వస్తే హ్రస్వదీర్ఘాలు ఒకే వేలి కిందకు చేరతాయి. అంటే ఈ మార్పు వల్ల శ్రమ తగ్గడమే కాదు, ఇ, ఉ లకు ఉన్న జంట పద్ధతి ఒ కి కూడా దక్కుతుంది. హ, డ లను తారుమారు చెయ్యడానికి మాత్రం నేను ఒప్పుకోను. వాడుక లెక్కలో లాభమే, కాదనను. కానీ ట మీద డ లేకపోతే పరుషసరళాల వరస తెగిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఐదు వర్గాలను ఒకే సూత్రంతో పట్టుకోగలిగే సౌలభ్యం పోతుంది. ఇంకొకరి కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు ప్రతి మాటలోనూ వేలు తడబడుతుంది. ఒత్వం మార్పు అప్పుడప్పుడే గుర్తుచేసుకోవాల్సింది, డకారం మార్పు ప్రతి వాక్యంలోనూ వెంటాడేది. చిటికెనవేలి శ్రమను ఆ క్రమానికి చెల్లించే వెలగా నేను ఒప్పుకున్నాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఒక మాట. ముందు ఏమీ మార్చకండి. కంప్యూటర్ సెట్టింగ్స్‌లో భాషల జాబితా తెరిచి తెలుగు ఇన్‌స్క్రిప్ట్ చేర్చుకోండి. మొదట హోమ్ రో ఒక్కటే పట్టుకోండి. అదొక్కటి వస్తే రేపు, పేరు, తోట, చిరుత, పిట్ట అన్నీ రాయగలరు. తిరుపతి అన్న మాటకు వేళ్ళు ఆ వరస దాటనే అక్కర్లేదు. తర్వాత ఒక్కో వేలినీ పైకి జరిపి సరళాలూ దీర్ఘాలూ నేర్చుకోండి, ఆ తర్వాత షిఫ్ట్, చివరగా కిందివరస. చూడకుండా రాయడం వచ్చాకే మూడో అంతస్తు కట్టుకోండి. కట్టుకున్న ఫైలును మీ దగ్గరే ఉంచుకోకుండా తోటి తెలుగువాళ్ళకు కూడా ఇవ్వండి. చదవగలిగినవాళ్ళు ఎవరైనా దాన్ని తమ చేతికి తగ్గట్టు దిద్దుకుంటారు.